రేకుకు రంపం

1985లో ఒక ఆదివారం, మట్టెవాడలోని నేతన్నల వీధికి మొదటి టీవీ వచ్చింది. దాన్ని తెచ్చిన నేత సొసైటీ గుమస్తా వెంకటరాజం పొద్దున్నే చాయ్ తాగి, ఇంటిమీది సిమెంటు రేకుకు చిల్లు కోసి యాంటెన్నా పైపు నిలబెడదామని రంపంతో నిచ్చెన ఎక్కాడు.

"రేకు కొయ్యకు," అంది భార్య సరోజన. ఆమె అన్న రేకుల ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేసి, దగ్గుతో ఇల్లు చేరాడు. "అండ్ల రాతినార, గదే ఆస్‌బెస్టాస్, ఉంటదని అన్న చెప్పలేదా? గెలకకుంటే ఏం గాదు. కోస్తే పొడి లేసి ఊపిరితిత్తులల్ల వడ్తది. పైపు గోడకు కట్టరాదు?"

"ఇరవై ఏండ్ల సంది గీ రేకుల కిందనే పంటున్నం. ఏమైంది? నీకన్నీ ఫికర్లే."

రంపం రెండుసార్లు కరకరలాడింది. తెల్లటి పొడి లేచింది. తడిపితే పొడి లేవదని కూడా అన్నే చెప్పాడు. సరోజన బకెట్ ఎత్తి కుమ్మరించింది. రేకూ తడిసింది, మొగుడూ తడిశాడు.

"నీళ్లు ఆపవే, నీళ్లు," అని అరిచాడతను.

పవర్‌లూమ్ చప్పుడుకు పక్కింటి మొగిలయ్య చెవులు సగం పోయాయి. ఆయనకు నీళ్లన్న మాటొక్కటే వినబడింది. గోడమీదుగా చూస్తే సరోజన రెండో బకెట్ ఎత్తుతోంది. ఇల్లు అంటుకుందని కేకలు పెట్టాడు.

ఐదు నిమిషాల్లో వీధంతా బిందెలతో దిగింది. నలుగురు లోపలికి ఉరికి, టీవీని బొంతలో చుట్టి నడివీధిలో పెట్టారు. కాదని చెప్పడానికి వెంకటరాజం నోరు తెరిచినప్పుడల్లా బిందెడు నీళ్లు ముఖాన పడ్డాయి. అంతలో ఎవరో ఫోన్ చేసి పిలిచిన ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది.

"మంట ఏడుంది?" అన్నాడు ఆఫీసరు.

సరోజన ముందుకొచ్చింది.

"మంట లేదు సార్. వద్దన్నా ఇనకుంట ఈయన రేకు కోస్తాండు. పొడి లేవకుంట నేనే నీళ్లు వోసిన," అని తన అన్న సంగతంతా చెప్పింది.

ఆఫీసరు కోతను చూశాడు, రంపాన్ని చూశాడు. "ఆమె చెప్పింది కరెక్టు. దిగు. పైపు గోడకు కట్టుకో."

"అట్లనే సార్. గీ ముచ్చట ముందుగాల ఎవలన్న చెప్తే బాగుండు," అన్నాడు వెంకటరాజం.

వీధంతా సరోజనను చూసి ఘొల్లున నవ్వింది.

ఆమె ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఇంకో తడిగుడ్డతో పొడి తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ కవరులో మూటగట్టింది. రేకు ఆరాక, మళ్లీ పొడి రాలకుండా కోతమీద రంగు పూయించింది. ఈసారి ఆమె చూపిన చోటే వెంకటరాజం గోడకు పైపు కట్టాడు. సాయంత్రం నడివీధిలోనే టీవీ పెడితే బొమ్మ అద్దంలా వచ్చింది. ముందు వరసలో ఒకటే కుర్చీ వేశారు, అది సరోజనకు.

టీవీలో వరికి వచ్చే తెగుళ్ల గురించి గంటసేపు చెప్పారు. నేతన్నల వీధి కళ్లార్పకుండా చూసింది.