కరెంటు స్తంభం మీది మహానుభావుడు

ప్రతి వీధికీ ఒక మహానుభావుడు కావాలి. ఊరికే ఉంటే చాలదు. ఆయన్ని కరెంటు స్తంభానికి కట్టి, పొద్దున టిఫిన్ వేళ నుంచి దీపాలు పెట్టేదాకా అందరికీ వినిపించాలి. అప్పుడే జనం బాగుపడతారు!

మా వీధి బాగుపడింది. ఎలాగో చెబుతాను.

లిటిల్ రాక్‌లో మా వీధిలోనే బ్లూ మ్యూల్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ పుట్టింది. ఓజెల్ హిక్‌మన్ గారు మంగలి షాపు వెనక గదిలో మొదలుపెట్టారు. రికార్డు మధ్యలో నీలం రంగు కంచరగాడిద బొమ్మ. మా నల్లవాళ్ళలో ఒకడు సొంతంగా కంపెనీ పెట్టి, తన తలుపు మీద తన పేరే రాసుకున్నాడంటే, ఆ రోజుల్లో జనం పని మానుకుని వచ్చి ఆ తలుపును చూసి వెళ్ళేవారు.

ఆయన పోయాక ఆ గదిని మ్యూజియం చేశారు. మ్యూజియం ముందు స్తంభానికి మైకు కట్టారు. రోజంతా బ్లూ మ్యూల్ పాటలే. మైకు మూతి సరిగ్గా మా వరండా వైపు ఉంది. అది నా అదృష్టం.

లాభాలు ఒకటా రెండా? మా ఇంట్లో గడియారం ఆగిపోయినా నాకు దిగుల్లేదు. ఫలానా పాట వచ్చిందంటే బి.పి. మాత్ర వేసుకోవాలి, ఇంకో పాట వచ్చిందంటే చిక్కుళ్ళు పొయ్యి మీంచి దించాలి. పక్కింటి పెటిగ్రూ దంపతులు పెళ్ళైన నాటి నుంచీ పోట్లాడుకునేవారు. ఇప్పుడూ పోట్లాడుకుంటారు, కాని ఒకరి మాట ఒకరికి వినబడదు. ఎవరికి వారు తామే గెలిచామనుకుని హాయిగా భోజనానికి కూర్చుంటారు. మైకు కట్టించిన వాళ్ళు ఎన్ని కాపురాలు నిలబెట్టారో వాళ్ళకే తెలియదు!

పిట్టలు వెళ్ళిపోయాయి. కార్లు శుభ్రంగా ఉంటున్నాయి. ఇన్సూరెన్సు ఏజెంట్లు వస్తారు, నోరు తెరుస్తారు, చాలాసేపు తెరిచే ఉంచుతారు, చేయి ఊపి వెళ్ళిపోతారు. మూలమీది చర్చిలో పాస్టరు గారు పాటకీ పాటకీ మధ్య దొరికే సందులోనే ప్రసంగం ముగించాలి కాబట్టి, నేరుగా నరకం దగ్గరే మొదలుపెడుతున్నారు. దారిలో ఆగడం లేదు. మారుమనసు పొందే జనం ఎక్కువయ్యారట. పెటిగ్రూ వాళ్ళ కుక్కకైతే వంత పాడటం వచ్చేసింది.

ఇంత మేలు జరుగుతుంటే చూడలేని వాళ్ళు కూడా ఉంటారు కదా! సిస్టర్ ఒడెస్సా వచ్చింది.

ఒడెస్సా మా చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివే మనిషి. ఒకప్పుడు పాటల బృందంలో మా ఆవిడ వెర్నీస్ పక్కనే నిలబడి పాడేది. వీధిలో అందరి చేతా సంతకాలు చేయించి, చివరికి నా వరండా మెట్టెక్కింది.

"బ్రదర్ టేట్, ఇక్కడో సంతకం పడెయ్."

"దేనికి సిస్టర్?"

"ఆ మైకు నోరు మూయించడానికి."

"ఏంటీ? వినబడటం లేదు."

"అదే నేననేది!"

నేను పెన్ను తీసుకోలేదు. ఆమె నడుం మీద చేయి పెట్టుకుంది.

"హిక్‌మన్ పేరెత్తితే ఉమ్మేవాడివి నువ్వు. ఇవాళ ఆయన మైకుకి కాపలా కాస్తున్నావేం?"

"మహానుభావుణ్ణి అంత మాట అనకు."

"నువ్వు మహానుభావుడు అన్నప్పుడల్లా నాకు పళ్ళు జివ్వుమంటాయి, క్లీవెన్ టేట్. ఎండ దెబ్బ తగిలిందా నీకు? అన్నం తింటున్నావా?"

"తింటున్నాను. చిక్కుళ్ళు."

"వొట్టి చిక్కుళ్ళేనా! వెర్నీస్ పోయాక నువ్వు గంట కొట్టినా కదలని గాడిదవైపోయావు" అంటూ దిగిపోయింది. నాకు చెవుడు వచ్చిందని సాయంత్రానికల్లా వీధంతా తీర్మానం చేసింది. మరునాటి నుంచి అందరూ నాతో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. అదీ ఒక లాభమే.

పాఠకులారా, మహానుభావుడి విషయంలో న్యాయంగా ఉండాలి. నేను చదివింది మేరియానా దగ్గర పల్లె బడిలో. పత్తి పండితే మా చదువు ఎండేది. పంట చేతికొచ్చేదాకా బడి తలుపులు మూసేసేవారు. పెద్ద మాటలు నాకు రావు. ఉన్నదే చెబుతాను.

హిక్‌మన్ గారు మంచివాడు. తెల్లవాళ్ళ వంటిళ్ళలో గిన్నెలు తోముతూ పాడుకునే ఆడపిల్లల్ని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు. ఆయన డ్రమ్ములవాణ్ణి పోలీసులు పట్టుకుపోతే, ఇస్త్రీ సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని స్టేషనుకి నడిచి వెళ్ళి, వాణ్ణి వెంటబెట్టుకుని అదే నడకతో తిరిగొచ్చాడు. ఆ నడక చూడటానికి మేమంతా వరండాల్లోకి వచ్చాం. నేనూ వచ్చాను. నేనూ చప్పట్లు కొట్టాను. కాదంటే అబద్ధం.

ఆయనకో పద్ధతి ఉండేది. ఒకరి గొంతు, ఇంకొకరి మొహం. పేరు మాత్రం ఎప్పుడూ ఆయనదే.

చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని కళ్ళు మూసుకుని వినేవాడు. అలా మా ఆవిడ వెర్నీస్‌ని విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచాడు. మా వెర్నీస్ భారీ మనిషి. ముందు పన్ను ఒకటి విరిగింది. ఆయన కళ్ళు మళ్ళీ మూసుకున్నాడు. గొంతు ఇక్కడ తీసుకుని, మొహం కోసం బర్తా మే అనే సన్నటి పిల్లని వెతికిపట్టాడు. బర్తా మే చక్కని చుక్క. పాడితే మాత్రం నూనె వేయని తలుపు. ఇద్దర్నీ కలిపి డెజిరే లామార్ అని పేరు పెట్టాడు. అట్ట మీద బర్తా మే నవ్వు, లోపల మా ఆవిడ గొంతు. దేశమంతా మోగింది. స్టేజీ ఎక్కినప్పుడు బర్తా మే పెదవులు కదిపేది, తెర వెనక స్టూలు మీద కూర్చుని మా ఆవిడ పాడేది.

దీన్ని మోసం అనే వాళ్ళున్నారు. ఎంత తప్పు! ఆలోచించండి, మా ఆవిడకి ఆయన ఎంత మేలు చేశాడో! ఫొటోగ్రాఫర్ల బెడద లేదు. బరువు తగ్గమని చెప్పేవాడు లేడు. పెద్ద పేరొస్తే మనిషికి కళ్ళు నెత్తికెక్కుతాయి. మా ఆవిడవి మొహం మీదే ఉండిపోయాయి. దర్జాగా నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేది. ఒకసారి కొట్లో రేడియోలో తన పాటే వస్తోంది. ఈవిడ కూనిరాగం తీస్తోంది. కొట్టువాడు మెచ్చుకున్నాడు.

"అమ్మా, నువ్వు కూడా అచ్చం డెజిరే లామార్ లాగే తీస్తున్నావే!"

"అందరూ అంటుంటారు" అని కాలర్డ్ కూర కట్ట సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఇలాంటి ప్రశాంతత ఏ స్టారుకి దొరుకుతుంది?

పైగా ఏటా క్రిస్మస్‌కి హిక్‌మన్ గారి దగ్గర్నుంచి ఒక హామ్, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ, వచ్చేది. కంపెనీ మూతబడ్డాక కూడా వచ్చేది. లవంగాలు గుచ్చి, పైన ఎర్ర రిబ్బను కట్టి. నేను ముట్టేవాణ్ణి కాదు. మా ఆవిడ పళ్ళెం నిండా పెట్టుకుని తినేది. "పంది ఏం పాపం చేసింది క్లీవెన్?" అనేది.

ఆమె ఆయన్ని ఒకే ఒక్కటి అడిగింది. "ఒక్క రికార్డు మీద నా పేరు వేయండి మిస్టర్ హిక్‌మన్. వెనక వైపైనా సరే."

ఆయన ఆమె చేయి తన చేతుల్లోకి తీసుకున్నాడట. "వెర్నీస్, పేరు పాడదమ్మా. గొంతు పాడుతుంది" అన్నాడట.

ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంకా రాలేదు.

ఆమె పోయినప్పుడు హిక్‌మన్ గారు బతికే ఉన్నారు. అప్పటికి చక్రాల కుర్చీ. చర్చికి వచ్చి పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు, నేను దగ్గరనుంచి చూశాను. అంతకు ముందే ఆయన పంపిన పూలచక్రం వచ్చింది. రికార్డు ఆకారంలో చేయించారు. నల్ల రంగు పూలు, మధ్యలో నీలం కంచరగాడిద, దాని కింద బంగారు అక్షరాలు. పూలవాడు రికార్డు చూసి ఉన్నదున్నట్టు రాశాడు.

డెజిరే లామార్.

అది శవపేటిక పక్కన నిలబెట్టారు. వచ్చిన చుట్టాలు తలుపు దగ్గరే ఆగి, వేరే చర్చికి వచ్చామనుకుని వెనక్కి తిరిగారు. కొందరు అవతలి వీధి చర్చికి వెళ్ళి, అక్కడి పేటికలో ఉన్న ముక్కూ మొహం తెలియని చర్చి పెద్ద కోసం మనసారా ఏడ్చి వచ్చారు. నల్ల ముసుగు వేసుకుని వచ్చిన బర్తా మే ఆ పూలచక్రం మీద తన పేరు చదువుకుని, "ప్రభువా, నాకెవ్వరూ చెప్పనే లేదే!" అని కూలబడింది. విసనకర్రలన్నీ ఆమె చుట్టూ చేరాయి. పేటికలో మా ఆవిడ మాత్రం ఒంటరిగా పడుకుని ఉంది.

ఆమె ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది. నాకు తెలుసు.

సరే, మైకు సంగతికి వద్దాం. ఒడెస్సా సంతకాలు నగర సభ దాకా వెళ్ళాయి. మ్యూజియం నడిపే హిక్‌మన్ గారి కూతురు మిస్ కమిల్ ఆదరాబాదరాగా నా దగ్గరికి వచ్చింది. మంచి పిల్ల. తండ్రి నడకే.

"మిస్టర్ క్లీవెన్, ఈ వీధిలో మా వైపు మీరొక్కరే ఉన్నారు. వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పండి."

"చెబుతాను. మా ఆవిడ పాట వచ్చే ముందు, అది పాడిందెవరో చెప్పించు."

ఆమె కిందికి చూసింది. "ఒక్క పేరు మారిస్తే గోడ మీది బొమ్మలన్నీ మార్చాలి. నాన్న అలా ఎంతమందిని..." అని ఆగింది. "నాన్న మంచివాడు మిస్టర్ క్లీవెన్."

"కాదని నేనన్నానా?"

మెట్టు దిగబోయి వెనక్కి తిరిగింది. "సరే. పాట ముందు పేరు చెప్పే ఏర్పాటు చేస్తాను" అంది.

నేను నగర సభకి వెళ్ళాను. పైన మీరు చదివిన లాభాలన్నీ అక్కడ చెప్పాను, కుక్క సంగతితో సహా. నవ్వారు. మైకు ఉండిపోయింది. ఒడెస్సా నాతో మాట్లాడటం మానేసింది.

మర్నాటి నుంచి పాట ముందు గంభీరమైన గొంతుతో ఒక మగవాడు: "ఇప్పుడు వినబోయేది బ్లూ మ్యూల్ ఆణిముత్యం. పాడినవారు, డెజిరే లామార్!"

పేరు చెప్పిస్తానంది. చెప్పించింది. మాట తప్పలేదు, తండ్రి బిడ్డే!

మీరు అడగొచ్చు. ఇంత జరిగాక ఆ మైకుని ఎందుకు వెనకేసుకొస్తావు, సంతకం పెట్టి తీయించెయ్యొచ్చు కదా అని. మా ఇంట్లో గ్రామఫోను ఉంది. పాడైంది. బాగు చేయించను. బాగు చేయిస్తే రికార్డు నేను పెట్టుకోవాలి. నేను పెట్టుకుని వింటే దాన్ని ఏడుపంటారు. అదే మైకు తనంతట తాను మోగితే వీధి గోల. వీధి గోల వింటూ మగవాడు ఎంతసేపైనా వరండాలో కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. హిక్‌మన్ ఆమె పేరు పట్టుకుపోయాడు. గొంతు మిగిల్చిపోయాడు, అదీ తన స్తంభం మీదే. ఆయన నోరు మూయించాలంటే ఈమె నోరు మూయించాలి. అలాంటి ఏర్పాటు చేసి పోయినవాణ్ణి మహానుభావుడు అనక ఏమంటారు?

అందుకని నేనూ ఒక చిన్న సేవ మొదలుపెట్టాను. మైకులో మగవాడు తన ముక్క అనగానే వరండాలో లేచి నిలబడి, వీధి చివరికి వినబడేలా నా ముక్క నేను అంటాను. అంతే. తర్వాత కూర్చుని వింటాను.

దానికి కూడా ఫిర్యాదా! ఈసారి నా మీదే. మళ్ళీ సిస్టర్ ఒడెస్సానే. మళ్ళీ నగర సభ. మిస్ కమిల్ ముందు వరసలో కూర్చుంది. సభాపతి ఒడెస్సాని మైకు దగ్గరికి పిలిచాడు.

"ఈయన ఏమని అరుస్తాడమ్మా?"

"పాట పాడింది వెర్నీస్ టేట్ అని అరుస్తాడు సార్."

"కాస్త మైకు దగ్గరగా చెప్పండి. వెనకవాళ్ళకి వినబడలేదట."

ఒడెస్సా ఆదివారం ప్రకటనలు చదివే గొంతు తీసింది. "ఈ పాట పాడింది వెర్నీస్ టేట్!"

హాలు గోడలు అదిరాయి. మిస్ కమిల్ తల వంచుకుంది.

సభాపతి కళ్ళద్దాలు తీశాడు. "ఆయన చెప్పేది అబద్ధమా?"

ఒడెస్సా నా వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత నన్ను చూసింది.

"నిజమే సార్. ఆమె పక్కన నిలబడి పాడినదాన్ని, నాకు తెలీదా? నా ఫిర్యాదు అది అబద్ధమని కాదు. గట్టిగా అంటాడని."

సభ తీర్పు చెప్పింది. మిస్టర్ టేట్ ఆ మాట మామూలు గొంతుతో చెప్పుకోవచ్చునట, అభ్యంతరం లేదట.

కాబట్టి పాఠకులారా, పాడింది మా ఆవిడే అని చెప్పుకోవడానికి ఇవాళ లిటిల్ రాక్‌లో అధికారికంగా అనుమతి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మహానుభావుడికి కూడా ఆ అనుమతి లేదు. ఆయన ఎన్నడూ అడగలేదు.