రెండెకరాల చౌడక్కకు తగిన ట్రాక్టరు

రాష్ట్రంలో ఇకమీదట ఏ సన్నకారు రైతూ తన చేనుకు సరిపోని ట్రాక్టరు ఎక్కబోడని, ఎక్కనివ్వబోమని, చిన్న కమతాల యాంత్రీకరణ సలహా మండలి అధ్యక్షులు, కేబినెట్ హోదా కలిగిన శ్రీ రాఘవేంద్రగారు హిందూపురంలో ఒక కల్యాణ మండపంలో ప్రకటించారు. పెనుకొండ విలేకరినైనా ఆ సభకు నన్ను ప్రత్యేకంగా పిలిపించారు. రైతులు తక్కువగా వచ్చినందువల్ల వెనక వరుసల్లో కూర్చోడానికి నాలాంటివాళ్లు అవసరమయ్యారు.

"చొక్కా కుట్టించేటప్పుడు ఛాతీ కొలుస్తాం గదప్పా?" అని అడిగారు అధ్యక్షులు.

సభ కొలుస్తామంది.

"మరి ట్రాక్టరు కొనేటప్పుడు చేను ఎందుకు కొలవం? రెండెకరాలోనికి యాభై హార్స్‌పవర్ బండి అంటగడతాండారు. వాడు దాన్ని యాడ తిప్పుకోవల్ల? గట్టు మీదనా, పక్కోని చేన్లోనా?"

చాలా ఏళ్లుగా నాయకుల ప్రసంగాలు రాస్తున్నాను. నిజం ఉన్న ప్రసంగం వినడం అదే మొదటిసారి కావడంతో కాస్త కంగారుపడ్డాను. పక్కనున్న విలేకరిని అడిగితే అతనూ అదే విన్నానన్నాడు.

పథకం పేరు 'చేనుకు తగ్గ బండి'. తొలి లబ్ధిదారుగా పెనుకొండ దగ్గర పల్లెలో మల్బరీ పెట్టుకుని పట్టుపురుగులు మేపే చౌడక్కను ఎంపిక చేశారు. ఆమెకు రెండెకరాల తోట, ఒక బోరు, ఒక షెడ్డు ఉన్నాయి. కలుపు తీయడానికి కూలీలు దొరకరు. ఊళ్లో వయసున్నవాళ్లంతా తెల్లారేసరికి ఫ్యాక్టరీ బస్సులెక్కి పోతున్నారు. ఎద్దుల్ని ఎప్పుడో అమ్మేసింది. కిందటి పంటకు కలుపు తోటను మింగేసి, పురుగులకు ఆకు చాలక, పట్టుగూళ్లు పలచగా వచ్చాయి. ఈ పంట కూడా పోతే షెడ్డుకు తాళం వేసి తానూ ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు తోమడానికి పోవాలి.

కృతజ్ఞతలు చెప్పమని ఆమెను వేదిక ఎక్కించి మైకు ఇచ్చారు.

"బండి ఎడల్పు ఎంతుంటాది సార్? నా సాళ్ల నడాన ఐదడుగులే ఉండాది" అంది చౌడక్క.

"అదంతా సైన్సు చూసుకుంటాదిలే అక్కా" అని అధ్యక్షులు మైకు తీసుకున్నారు. కృతజ్ఞతలు ఆయనే చెప్పుకున్నారు.

వారం తర్వాత ట్రాక్టరు ఎంపిక పెనుకొండలో జరిగింది. అతిథిగృహం ఆవరణలో షోరూం యజమాని అబ్దుల్లా మూడు ట్రాక్టర్లు నిలబెట్టాడు. ఒకటి చిన్నది, ఒకటి నడిమిది, ఒకటి పెద్దది. మండలి సాంకేతిక అధికారి మాధవీలత టేపు పట్టుకుని వచ్చింది. చిన్నదాన్ని కొలిచి, "సార్, రెండెకరాల మల్బరీకి ఈ ఇరవై హార్స్‌పవర్ మినీ ట్రాక్టరు చాలు. వెడల్పు నాలుగడుగుల లోపే. సాళ్ల మధ్య దూరిపోతుంది, తిరగడానికి కూడా పెద్దగా చోటు అక్కర్లేదు" అంది.

ఇంకొకరైతే అక్కడితో సరేననేవారు. పరీక్షించనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి గనక అధ్యక్షులు మినీ ట్రాక్టరు ఎక్కి స్టీరింగు పట్టుకున్నారు. ఎడమకు చూశారు, కుడికి చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"మన కన్వీనరు యాడ కూర్చుంటాడు?" అన్నారు.

"ఎవరూ కూర్చోనక్కర్లేదు సార్. ఇది సేద్యానికి."

"సేద్యం సరే మేడం. ప్రారంభం ఎట్ల చేసేది?"

అధ్యక్షులు బండి నడిపితే పక్కన మండల కన్వీనరు ఉండాలి. మార్కెట్ యార్డు మాజీ చైర్మన్ ఉండాలి. ఇద్దరు గన్‌మెన్ చేతికందేంత దూరంలో ఉండాలి. హిందూపురం తరఫున ఒకరుంటే ధర్మవరం తరఫున ఒకరు ఉండక తప్పదు. మినీ ట్రాక్టరు మడ్‌గార్డు చూస్తే అన్నం పళ్లెమంత ఉంది. అయినా ఎవరూ వెనకాడలేదు. ఒకరి మీద ఒకరు సర్దుకుని ఆరుగురూ ఎక్కారు. ఎక్కగానే బండి ముందు చక్రాలు రెండూ నేల విడిచి పైకి లేచాయి. అధ్యక్షుల వారికి ట్రాక్టరు నమస్కరించిందని రాసి పంపాను. మా ఎడిటరు కొట్టేశాడు.

నడిమి బండి మీద నలుగురు పట్టారు. మిగతా ఇద్దరూ వెనక కొక్కెం మీద నిలబడాలి. ధర్మవరం ప్రతినిధి అందుకు ఒప్పుకోలేదు. "ఫోటోలో నేను హిందూపురం ఆయప్ప నడుం కాడ కనపడితే మా ఊర్లో తలెత్తుకోని తిరగల్లనా?" అన్నాడు. అందులో న్యాయముందని అందరూ ఒప్పుకున్నారు.

పెద్దబండి మీద ఆరుగురూ పెళ్లిపందిట్లో బంధువుల్లా హాయిగా కూర్చున్నారు. ఇంకా ఒక దండకూ ఒక మైకుకూ చోటు మిగిలింది.

"ఇదప్పా సన్నకారు రైతు సైజు" అని అధ్యక్షులు తేల్చేశారు.

అబ్దుల్లా ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "సార్, అమ్ముకునేవాణ్ణి నేనే వద్దంటాండా. ఈ బండి రెండెకరాల్లో తిరగదు. రేపు ఆయక్క నన్ను తిడతాది."

"నువ్వు వ్యాపారం చూస్తాండావు అబ్దుల్లా. నేను రైతును చూస్తాండా" అన్నారు అధ్యక్షులు. ఆ మాటను నేను శీర్షికగా పెట్టాను.

ప్రారంభోత్సవానికి ముందు రోజు సాయంత్రం అందరం చౌడక్క తోటకు పోయాం. మాధవీలత మళ్లీ టేపు పరిచింది. బండి వెడల్పు ఆరడుగుల పైన. సాళ్ల మధ్య సందు ఐదడుగులు. ఆమె టేపు అలాగే పట్టుకుని అధ్యక్షుల వైపు చూసింది.

"బండిని కోసి సన్నం చెయ్యలేం గదా మేడం" అన్నారాయన ఓర్పుగా. "సాలు విడిచి సాలు పెరికేస్తే పదడుగులొస్తాది."

జేసీబీ తోట బయట సిద్ధంగానే ఉంది. ముందుచూపు అంటే అదీ.

చౌడక్క అడ్డం వచ్చి నిలబడింది. "ఐదడుగులని ముందరే చెప్తి గదప్పా. షెడ్డులో పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. రేపు మధ్యాన్నానికి లేస్తాయి. అప్పుడు ఆకేడిది?"

"జ్వరమా? డాక్టర్ని పిలిపించండప్పా" అన్నారు అధ్యక్షులు పీఏ వైపు తిరిగి.

పట్టుపురుగు మేత మాని, కదలకుండా పడుండి కుబుసం విడుస్తుందనీ, దాన్నే రైతులు జ్వరమంటారనీ, నాలుగోది లేచాక పగలూ రాత్రీ మేస్తూనే ఉంటుందనీ, అప్పుడు ఆకు లేకపోతే గూడు కట్టకుండానే చస్తుందనీ మాధవీలత వివరించింది. ఆరోగ్య సమస్య కానందుకు అధ్యక్షులు సంతోషించారు.

"ఆకు నా పూచీ అక్కా. మన మండలి నమూనా తోట ఉండాది గదా. ఆడినించి రేపు మధ్యాన్నానికి బండెడు ఆకు దింపిస్తా. చాలునా?"

"ముందర ఆకు దింపండి సార్. ఆపైన తోటలో చెయ్యి పెట్టండి. పక్క తోటలోళ్ల ఆకు వాళ్ల పురుగులకే చాలదు, నాకు యాడిస్తారు?"

"కేబినెట్ హోదా ఉన్న మనిషి మాట నమ్మవా?" అన్నాడు కన్వీనరు.

నమ్ముతుందో లేదో ఆమె చెప్పేలోపే జేసీబీ స్టార్టయింది. నిగనిగలాడే ఆకుతో ఉన్న మొక్కలు వేళ్లతో సహా లేచి మన్నులో పడ్డాయి. మన్ను పట్టిన ఆకు పెడితే పురుగు రోగమొచ్చి పోతుందట. అందుకని ఆమె వాటిని ఏరుకోను కూడా లేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద కూలబడింది. వార్తలో మాత్రం 'ఆధునిక సేద్యానికి తొలి అడుగు' అని రాశాను.

మర్నాడు అధ్యక్షులు పొద్దున్నే ఎక్కడో రిహార్సల్ కూడా ముగించుకుని, చెప్పిన టైముకు తోటకు వచ్చారు. పదవిలో ఉండి అంత క్రమశిక్షణ పాటించేవాళ్లు అరుదు. మడ్‌గార్డుల మీద ఆరుగురు కూర్చున్నారు. వెనక మన్నును పిండి చేసే రోటవేటరు తగిలించారు. వీడియో తీసే డ్రోను లేచింది. ట్రాక్టరు పదడుగుల సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి దర్జాగా పోయింది. నేరుగా పోవడంలో అధ్యక్షులకు సాటి లేరని ఒప్పుకోవాలి.

చివర తిప్పాల్సి వచ్చింది. అక్కడ గట్టు ఉంది, డ్రిప్పు పైపులున్నాయి, బోరు గది ఉంది. ఆరుగురిలో ముగ్గురు ఎడమకన్నారు, ఇద్దరు కుడికన్నారు, ఒక గన్‌మన్ వెనక్కి అన్నాడు. అందరి మాటనూ గౌరవించడం అధ్యక్షుల అలవాటు. ట్రాక్టరు తోటకు ఐమూలగా బయల్దేరింది. నాలుగైదు మలుపులయ్యేసరికి నిన్న మిగిల్చిన సాళ్లు కూడా నేలకు కరుచుకుపోయాయి. రెండెకరాల్లో ఒక్క కలుపు మొక్క మిగల్లేదన్నది కూడా వాస్తవమే.

"నిన్నటిదాకా ఈ తోటకు ట్రాక్టరు సరిపోలేదు" అని అధ్యక్షులు బండి మీంచే ప్రసంగించారు. "ఈ దినం ట్రాక్టరుకు తోట సరిపోయింది. ఈ నిమిషం నుంచి ఈ బండి మా చౌడక్కది."

తాళంచెవి చౌడక్క చేతికిచ్చారు. ఫోటోలు తీసుకున్నాం. సాయంత్రం ధర్మవరంలో ఊరేగింపు ఉన్నందువల్ల తాళంచెవి మళ్లీ తీసుకున్నారు. ఆమె తోట వైపు చూస్తూ, "మధ్యాన్నానికి ఆకు వస్తాదా?" అని మాత్రం అడిగింది. "వచ్చేసినట్టే" అన్నారు అధ్యక్షులు.

ధర్మవరంలో ఏర్పాట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. పట్టుచీరల అంగళ్ల వీధిలో డప్పులు, బాణసంచా, ట్రాక్టరుకు అరటిపిలకలు, బంతిదండలు. అధ్యక్షులు ఎక్కబోతుండగా ఒక ఆటో జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆగింది. చౌడక్క దిగింది. ఆటోలోంచి మూడు వెదురు తట్టలు దింపింది. వాటినిండా పురుగులు. అన్నీ లేచి ఉన్నాయి. తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి.

"షెడ్డునిండా ఇట్లనే వెతుక్కుంటాండాయి సార్. ఆకు దింపిస్తామంటివి. యాడ?"

అధ్యక్షులు మాధవీలత వైపు కోపంగా చూశారు. "మేడం, నమూనా తోటలోది ఇంకా కోయించలేదా?"

మాధవీలత మెల్లగా అంది. "ఆ తోట లేదు సార్. పొద్దున రిహార్సల్ అక్కడే చేశారు కదా."

డప్పులవాళ్లు ఎవరో చెయ్యి ఊపితే ఆపేశారు. చౌడక్క ఒక తట్ట తీసుకుపోయి ఎడమ మడ్‌గార్డు మీద పెట్టింది. ఇంకొకటి కుడి మడ్‌గార్డు మీద పెట్టింది. మూడోది డ్రైవరు సీట్లో పెట్టి, తాను కింద చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"ఓయ్, తియ్యక్కా అవి" అన్నాడు కన్వీనరు.

"ఎందుకు తియ్యల్ల? బండి నాదని ఈయప్పే గదా మైకులో చెప్పింది. ఆకు వచ్చేదాకా ఇవి ఈడనే ఉంటాయి."

జనమంతా అధ్యక్షుల వైపు తిరిగారు. అంగళ్లలోంచి మనుషులు మెట్ల మీదికొచ్చారు. ఒక కానిస్టేబులు తట్ట ఎత్తబోయి, పురుగులు చేతి మీదికి పాకితే వదిలేశాడు. హిందూపురం ప్రతినిధి, ధర్మవరం ప్రతినిధి, మాజీ చైర్మన్, గన్‌మెన్ వరసగా నిలబడి తమ తమ చోట్ల వైపు దిగులుగా చూశారు.

అధ్యక్షులు ట్రాక్టరు చుట్టూ ఒకసారి నడిచారు. ఎడమ తట్ట చూశారు, కుడి తట్ట చూశారు, సీటు చూశారు. చాలాసేపు ఆలోచించారు. రైతు సమస్య మీద ఆయన అంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత అబ్దుల్లాను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగారు.

"వీటితోపాటు మనమూ పట్టేట్టు, ఇంతకంటే పెద్ద సైజు బండి ఉండాదా?"