పటం ముందు దాంగ్‌గ్వే సూపు

తాను కడుపుతో ఉన్న సంగతి ఆ ఉదయం టిఫిను దగ్గర భర్త షివెన్‌కి చెప్పేద్దామనుకుంది రూయిన్. పడకగది తలుపు తీయగానే గడప అవతల ఒక గిన్నె కనిపించింది. గొర్రె మాంసం, అల్లం, దాంగ్‌గ్వే వేరు వేసి కాచిన సూపు. ఇంకా ఆవిరి కక్కుతోంది.

మిన్‌షియన్ కొండల్లో దాంగ్‌గ్వే వాసన కొత్త కాదు. కోతల కాలంలో ప్రతి మిద్దె మీదా ఆ వేళ్లే ఎండుతాయి. కానీ ఆ ఇంట్లో ఈ సూపు కాచింది అత్తగారొక్కతే. కోడలి నెలసరి నొప్పులకు మంచిదని నెలనెలా ఇలాగే గడప దగ్గర పెట్టేది. కిందటి శీతాకాలంలో ఆవిడ చనిపోయింది.

వంటింట్లో ఎవరూ లేరు. కుండ కడిగి బోర్లించి ఉంది. మామగారు షౌచెంగ్ గదిలోంచి గురక. కిటికీలకు పొగమంచు అంటుకుని ఉంది.

కడుపుతో ఉన్నప్పుడు ఆ వేరు జోలికి పోవద్దని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అలాగని పారబోయడానికి రూయిన్‌కి చేతులు రాలేదు. అత్తగారి పటం ముందు పెట్టి, వంగి మొక్కింది. బట్టలు ఆరేసి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయి, కడిగి బోర్లించి ఉంది.

చెప్పాలనుకున్న మాట పక్కన పెట్టేసింది. గిన్నె సంగతి చెబితే షివెన్ నవ్వాడు.

"పిల్లి తాగుంటుంది."

"తాగి, గిన్నె కడిగి బోర్లించిందా?"

షివెన్ నవ్వు ఆగిపోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒక ఉదయం పటం కింద నెత్తుటి చుక్కలు కనిపించాయి. రూయిన్ పక్కింటి గువో పిన్నిని పిలుచుకొచ్చింది.

"ఆ వేరు పేరుకి అర్థమేంటే? తిరిగి రావాలని. రోజూ ఆవిడ ముందు అదే పెట్టి, వచ్చిందేంటని అడుగుతావా?"

"మరి నెత్తురెందుకు పిన్నీ?"

"నీకని కాస్తే నువ్వు తాగలేదుగా. కోపం రాదూ?"

శాంతికని పిన్ని వాకిట్లో, పోయినవాళ్ల పేర కాల్చే కాగితాలు తగలబెట్టింది. నిప్పురవ్వలు లేచి మిద్దె మీది వేళ్లకు అంటుకున్నాయి. వీధి వీధంతా బకెట్లతో పరిగెత్తుకొచ్చింది. ఆ పొగలోంచి తెల్లటి ముఖం, ముక్కు నుంచి గడ్డం దాకా నెత్తురు, చేతుల నిండా నల్లటి మచ్చలతో ఒక ఆకారం మెల్లగా నడిచి వచ్చింది. పిన్ని బకెట్టుతో సహా కూలబడింది.

"ఏంటే ఈ గోల?" అన్నారు మామగారు.

ఆసుపత్రిలో ఆయన సూపు తాగిన సంగతి ఒప్పుకోగానే డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "గుండె మాత్రలు వేసుకుంటూ ఈ సూపు తాగారా?"

"ఆడవాళ్ల వేరు కదమ్మా. మగాణ్ణి నన్నేం చేస్తుందిలే అనుకున్నా."

"మీరు మగాళ్లని దానికెలా తెలుస్తుంది? రెండూ రక్తాన్ని పలచన చేసేవే. ఇంకొన్నాళ్లు తాగుంటే మీకూ ఒక పటం కట్టించేవాళ్లు."

ఆయన తల దించుకున్నారు. "మా ఆవిడ పోయాక ఈ పిల్ల నొప్పుల్ని పట్టించుకునేవాళ్లు లేరు. మామని, ఆ సంగతి నోటితో ఎలా అడగను? పెరట్లో కుంపటి మీద కాచి, గడప దగ్గర పెట్టి, వచ్చి గురక పెట్టేవాణ్ణి. తీరా చూస్తే దాని పటం ముందు చల్లారిపోతూ ఉండేది. దాని పేరు చెప్పుకుని నేనే తాగేవాణ్ణి." కోడలి వైపు తిరిగి, "బాగోలేదా అమ్మాయ్?" అన్నారు.

"అది కాదు మామయ్యా. కడుపుతో ఉన్నా. తాగకూడదు."

షివెన్ బెంచీ మీద చతికిలబడ్డాడు. మామగారి ముక్కులోని దూది ఊడిపడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. కోడలి తల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయారు.

మర్నాటి నుంచి ఆయన కొర్రల గంజి కాచి, తలుపు తట్టి మరీ ఇస్తున్నారు. అది రోజూ మాడుతోందని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.