పాత ఫోనులో పోయిన మనిషి

వరద రెండోసారి మెట్లెక్కిన ఏడాది అది. నీళ్ళు తీశాక చూస్తే ప్రతి ఇంట్లో పంపూ బురద మింగి కూర్చుంది. పంపులు బాగుచేసే పెద్దాయనకి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆయన దుకాణమూ మునిగింది. ఈ నెల పని దొరక్కపోతే షట్టరు దించి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆయన కోపానికి జడిసి వీధివాళ్ళు వెనకాల చిటపటలయ్య అనేవారు.

ఆ పొద్దున ఆయన పథకం చిన్నదే. వెబ్‌సైట్లు కట్టే అల్లుడు దుకాణానికీ ఒకటి కట్టి ముందురోజే తెరిచాడు. జనం అందులో మీట నొక్కుతారు, ఈయన స్పానరు పట్టుకుని వెళతాడు. అంతే.

ఎండ గుమ్మంలోకి వచ్చింది. ఫోను మోగలేదు.

"వీధంతా బురదే తాగుతోందా ఏంటి? ఒక్కడికీ పంపు అక్కర్లేదా?" అని కూతురి మీద లేచాడు.

"నా మీదెందుకు నాన్నా?"

"ఎవరో ఒకరి మీద అరవాలిగా!"

అంతలో ఎదురు కొట్టు దర్జీ గుమ్మంలోకి తొంగి చూశాడు. ఆయన్ని చూసి నోరు తెరిచాడు. చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తాడు. పెద్దాయన విసుక్కుని, బురద మింగిన తన ఇంటి పంపు కిందే దూరాడు.

ఆ వెనకే బావమరిది వీధి మొదట్నుంచీ ఏడుస్తూ వచ్చాడు. "బావా! ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయావా!"

"ఎక్కడికిరా వెళ్ళేది? పంపు కింద ఉన్నాను!" అంటూ పెద్దాయన ఒళ్ళంతా బురదతో పాక్కుంటూ బయటికొచ్చాడు. బావమరిది కళ్ళు తేలేశాడు.

సందు చివర ఇంకో పంపులవాడున్నాడు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. వాడు మొహం వేలాడేసుకుని వచ్చి, "అమ్మా, మీ నాన్న సామాను బయటివాళ్ళకి అమ్మకండి. నేనున్నాను," అన్నాడు కూతురితో.

"నేనూ ఉన్నాన్రా!" అని వెనకనుంచి స్పానరు లేచింది. వాడు సందు చివరిదాకా ఆగలేదు.

ఈలోగా వాకిట్లో బోర్లించిన బకెట్ల మీద జనం తలలు దించుకుని చేరారు. దర్జీ ధైర్యం చేసి తిరిగొచ్చి తన ఫోను చూపించాడు. అల్లుడిది తప్ప వీధిలో అందరి కొత్త ఫోన్లూ వరదలో పోయాయి. అటకమీది పాతవే ఇప్పుడు దిక్కు. దర్జీ ఫోనులో దుకాణం పేజీ, అందులో పెద్దాయన ఫోటో. కింద, 'దుకాణం మూసి ఉంది. మీ ఆదరణ మరువలేం.' అసలే ఆ ఫోటోలో ఆయన ముందునుంచీ పోయినవాడిలాగే ఉంటాడు.

"అల్లుడు గారూ!" అని పెద్దాయన ఇంట్లోకి కేకేశాడు.

మామూలుగా 'బాబూ' అంటాడు. 'గారు' తగిలించాడంటే పిడుగే.

"అది సెలవురోజు చూపించే పలక, మామయ్యా," అన్నాడు అల్లుడు మెల్లగా. "మిగతా రోజులు దాచమని చెప్పాను. కొత్త బ్రౌజరు దాస్తుంది. పాతదానికి ఆ మాట తెలీదు. తెలీనిది వదిలేసి, ఉన్నదంతా బయట పెట్టేస్తుంది. మీట దాని కింద పడిపోయింది."

"తెలిసీ కట్టారా? పిల్లనిచ్చింది నన్ను బతికుండగానే సాగనంపడానికా?"

కూతురు ఊరుకోలేదు.

"ఆయన ముందు కట్టింది సాదా పేజీ నాన్నా. పైన పేరు, కింద మీట. ఏ పాత ఫోనులోనైనా కనపడేది. 'నా దుకాణం ఇంత దరిద్రంగా ఉంటుందా? పంపు గిరగిరా తిరగాలి, పలకలు ఎగిరెగిరి రావాలి' అని చెంబు విసిరిందెవరు?"

"బావే," అన్నాడు బావమరిది, పడుకున్న చోటునుంచే. "తగిలింది నాకు."

బకెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన ఎవరిమీద అరవాలో తోచక స్పానరు వంక గుర్రుగా చూశాడు.

"సరేగానీ బాబాయ్," దర్జీ నసిగాడు, "ఎలాగూ బతికే ఉన్నావు కదా, మా పంపు కాస్త..."

అందరూ ఒక్కసారి లేచారు. చావింట్లో పంపు మాట ఎత్తడం బాగోదని అప్పటిదాకా నోరు నొక్కుకున్నవాళ్ళే. నెలకి సరిపడా పని ఆ వాకిట్లోనే దొరికింది.

మర్నాడు పొద్దున్నే ఆయన తన పాత ఫోను అల్లుడి చేతిలో పెట్టాడు. "బాబూ, ముందు ఇందులో కనపడేట్టు కట్టండి. సోకులు తర్వాత."

అల్లుడి కొత్త ఫోను తన జేబులో వేసుకున్నాడు. గిరగిరా తిరిగే పంపు అందులో బాగా కనిపిస్తుందని ఇంతవరకూ తిరిగివ్వలేదు.