గుండె కార్డులో క్షేమం

ఆ ఆదివారం ఉదయం పెద్దిరాజుగారు అనుకున్నది చిన్న ప్రయాణమే. ఏడున్నర బస్సుకు కాకినాడ వెళ్లడం, గుండె ఆసుపత్రిలో శాలువా కప్పించుకోవడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయడం. తోడుగా మనవరాలు పావని వస్తే చాలన్నారు. రానంటే కారణం చెప్పాలి గనక పావని నోరు మూసుకుని జడ వేసుకుంది.

ఆ కారణం ఆమెకొక్కదానికే తెలుసు. ఐదేళ్ల కిందట పెద్దిరాజుగారి గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. స్టెంటు వేయించుకున్నవాళ్లు కాలం గడిచేకొద్దీ ఎలా ఉంటున్నారో తెలుసుకోవడానికి ఆసుపత్రివాళ్లు ఆరు నెలలకోసారి ఒక కార్డు పంపేవారు. ఛాతీలో నొప్పి వస్తోందా, రోజుకు ఎంత దూరం నడుస్తున్నారు, పొగ తాగుతున్నారా, మందులు రోజూ వేసుకుంటున్నారా అని నాలుగు ప్రశ్నలు. జవాబులు రాసి ఆ కార్డునే తిరిగి పోస్టులో వేయాలి. ఇంట్లో చక్కటి దస్తూరీ పావనిది కాబట్టి ఆరో తరగతి నుంచీ ఆ పని ఆమెదే.

చిక్కల్లా దానికి కవరు లేకపోవడమే. పోస్ట్‌మాన్ రాముడు కార్డులన్నీ దారిలోనే చదివేసే మనిషి. కాఫీ హోటలు దాటేసరికి ఎవరింటి సంగతైనా సగం ఊరికి తెలిసిపోయేది. తాతయ్యగారు రోజుకు మూడు చుట్టలు కాలుస్తున్నారని, ఒంట్లో బాగానే ఉందని బిళ్లలు మానేశారని అలాంటి కార్డు మీద ఎలా రాస్తుంది? బడిలో నేర్పిన ఉత్తరానికి మొదటి వాక్యమే "ఇక్కడ మేమంతా క్షేమం". పావని నాలుగు ప్రశ్నలకూ ఆ క్షేమాన్నే సర్ది రాసింది. నొప్పి లేదు. ఐదు కిలోమీటర్లు. తాగరు. రోజూ.

నిజం మాత్రం డైరీలో ఉండేది. "ఈరోజు తాతయ్యగారు కాలవగట్టు ఎక్కుతూ గుండె పట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

పదో కార్డు వెళ్లాక ఆసుపత్రి నుంచి ఇంకో కార్డు వచ్చింది. స్టెంటు వేయించుకున్నవాళ్లందరిలోకీ రోజుకు ఐదు కిలోమీటర్లు నడిచే పెద్దిరాజుగారే ఆదర్శ రోగి అట. సభ పెట్టి సన్మానం చేస్తారట. రాముడు దాన్ని ఇంటికి చేర్చేలోపు ఊరంతటికీ చేర్చేశాడు.

"బస్సులో వెళ్తారేంటండి? ఇది మన ఊరి పరువండి," అన్నాడు పావని బాబాయి సత్తిరాజు. తెల్లవారేసరికి వాకిట్లో రెండు వ్యాన్లు, ఇరవై మంది మనుషులు, ఒక గుడ్డ బ్యానరు ఉన్నాయి. "రోజుకు ఐదు కిలోమీటర్లు నడిచే పెద్దిరాజుగారికి అభినందనలు" అని దాని మీద ఎర్ర రంగుతో రాయించాడు.

మాణిక్యాంబగారు భర్తను ఎగాదిగా చూసింది. "ఐదు కిలోమీటర్లా? పక్క గదిలో కళ్లజోడుంటే తెచ్చివ్వడానికి నన్ను పిలుస్తారు."

"నీకేం తెలుసే. డాక్టర్లు మిషన్లలో చూసి చెప్పారు," అని ఆయన ధైర్యంగా ఇంకో చుట్ట వెలిగించారు.

వ్యాను సామర్లకోట దాటేలోపు పావని నాలుగుసార్లు నిజం చెబుదామనుకుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు "మీ తాతయ్యగారు అదృష్టవంతులమ్మా" అన్నారు.

సభలో డాక్టర్ ఉదయ్‌భాస్కర్ శాలువా కప్పి, మైకు ఆయన చేతికిచ్చారు. "ఐదేళ్లుగా ఇంత ఆరోగ్యంగా ఉన్నారు. మీ రహస్యం ఏంటో మిగతా పేషెంట్లకి చెప్పండి."

"ఆయ్, రహస్యం ఏముందండి. బిళ్లలు మానేశానండి."

హాలంతా నవ్వింది. డాక్టరుగారు కూడా నవ్వారు. ముందు వరుసలో ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. జేబులోంచి బిళ్లల డబ్బా తీసి కుర్చీ కింద పెట్టేశాడు.

వేదిక పక్కనే నడక పరీక్షకు వాడే ట్రెడ్‌మిల్ యంత్రం ఉంది. "ఐదు కిలోమీటర్ల మనిషి, ఐదు నిమిషాలు నడిచి చూపిస్తారు," అన్నారు డాక్టరుగారు. పెద్దిరాజుగారు పంచె ఎగ్గట్టి ఎక్కారు. సత్తిరాజు మనుషులు బ్యానరు పైకెత్తారు. రెండో నిమిషంలో ఆయన కుడిచెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. కాలవగట్టు మీద వెళ్లినట్టే.

క్లాసులో హాజరు కూడా వినపడేట్టు పలకని పావని లేచి నిలబడింది.

"ఆపేయండి. ఆ కార్డుల్లో ఉన్నవన్నీ అబద్ధాలండి. నేనే రాశానండి."

యంత్రం ఆగింది. పెద్దిరాజుగారిని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లారు. సత్తిరాజు బ్యానరును రుమాలంత అయ్యేదాకా మడుస్తూ ఉండిపోయాడు. ఇరవై మంది సొంత ఊరివాళ్ల చూపులు వీపు మీద పడుతుంటే పావని నేల మీది పలకలన్నీ లెక్కపెట్టింది.

డాక్టరుగారు కాసేపటికి తిరిగొచ్చి మైకు తీసుకున్నారు. "తాతగారికి పరవాలేదు. ఒక్కటి అడుగుతాను. మిగతావాళ్ల కార్డులు ఎవరు రాస్తున్నారండి?"

ముందు పెనుగొండ నుంచి వచ్చిన ఒక కోడలు తల దించుకుని చెయ్యెత్తింది. ఆమె వెనక ఒక మనవడు. ఆ వెనక ఇద్దరు కూతుళ్లు. చేతులు వెనక వరుస దాకా లేచాయి. పోస్టులో నలుగురూ చదివే కార్డు మీద ఇంటి పెద్ద రోగం ఎవరు మాత్రం రాస్తారు?

డాక్టరుగారు కుర్చీలో కూర్చున్నారు. "ఐదేళ్ల లెక్కలండి," అన్నారు, ఎవరితోనూ కాదు.

స్టెంటు దగ్గర రక్తనాళం మళ్లీ సన్నబడిందని ఆ సాయంత్రం తేలింది. మంగళవారం రెండోది వేశారు. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు పూర్తిగా చెప్పలేదు. చెప్పకుండానే అర్థమై మాణిక్యాంబగారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మంచం పక్కన పావని తల ఎత్తలేదు. పెద్దిరాజుగారు ఫ్యాను వైపు చూస్తూ, "బానే అరిచావు. బడిలో పలకవని మీ మేష్టారెందుకు చెబుతారో," అన్నారు.

తరవాతి కార్డు కవరులో వచ్చింది. ఈసారి పెద్దిరాజుగారు పడక్కుర్చీలో కూర్చుని పైకే చెప్పారు, పావని రాసింది. బిళ్లలు, రోజూ. నడక, గుడి దాకా. నొప్పి, లేదు. అన్నీ నిజాలే.

"వారానికి చుట్టలెన్ని తాతయ్యగారూ?"

"మానేశానని రాయి."

పావని కలం కదపలేదు.

"సరే, ఒకటి."

"రెండు," అంది మాణిక్యాంబగారు వంటింట్లోంచి.

కవరు తీసుకెళ్లడానికి గుమ్మంలో నిలబడ్డ రాముడు గొంతు సవరించుకున్నాడు. "మూడండి."

ఆసుపత్రికి ఆ ఇంటి నుంచి వెళ్లిన కార్డుల్లో ముగ్గురు సాక్షులతో వెళ్లింది అదొక్కటే.