ట్రక్కు మీదా, కిందా?

షికాగో పక్కనున్న మా నేపర్‌విల్ తెలుగు ప్రజల చిరకాల వాంఛ ఈ ఆగస్టులో నెరవేరబోతున్నదని వీరభద్రరావుగారు ప్రకటించారు. ఆ వాంఛ ఏమిటో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఈమెయిల్ చదివాక తెలిసింది. రాష్ట్రం నుంచి మంత్రిగారొకరు వస్తున్నారు. ఆయనతో మా ఊళ్ళో రోడ్‌షో చేయించుకోవాలని మేం ఏళ్ల తరబడి తపిస్తున్నామట.

వీరభద్రరావుగారిది మా ఎదురిల్లు. పగలు డేటాబేసులు చూసుకుంటారు, సాయంత్రం ప్రజాసేవ చేస్తారు. పార్టీ అమెరికా విభాగంలో మిడ్‌వెస్ట్ అధ్యక్షులు. వచ్చే ఎన్నికల్లో సొంత నియోజకవర్గం టికెట్ తనకే రావాలని ఆయన కోరిక. అందుకోసం ఇటువైపు వచ్చిన ప్రతి నాయకుణ్ణీ తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి తీసుకెళ్ళి నయాగరా చూపించి, ఔట్‌లెట్ మాల్‌లో సూట్‌కేసులు కొనిపెట్టి, విమానం ఎక్కించారు. ఇంట్లోవాళ్లు మాత్రం నయాగరా ఇంకా చూడలేదు. దేశం కోసం ఇంతగా పాటుపడిన మనిషి మా వీధిలో మరొకరు లేరు.

ఈ మంత్రిగారిది ఏ శాఖో మాకు తెలియలేదు గాని, కేబినెట్ హోదా అని మాత్రం తెలిసింది. ఆయన ఫోన్‌లో ఒక్కటే అన్నారట.

"జనం కనపడాలి వీరభద్రం. జనం ఉన్న ఫొటో ఒక్కటి నా చేతిలో పెట్టు. నీ టికెట్ సంగతి పైన నేను మాట్లాడతా."

రోడ్‌షో అంటే పైకప్పు లేని జీపు ఉండాలి, నాయకుడు నిలబడి చేయి ఊపాలి. ఇక్కడ ఆ పని పికప్ ట్రక్కుతోనే కుదురుతుందని, దాని వెనక తొట్టి అందుకే తెరిచి పెట్టారని వీరభద్రరావుగారు కనిపెట్టారు. ఇక మిగిలింది మిడ్‌సైజా, ఫుల్‌సైజా అన్న ప్రశ్న. దాని మీద ఆయన చేసినంత అధ్యయనం అసెంబ్లీలో ఏ బిల్లు మీదా జరిగి ఉండదు.

డీలర్ దగ్గరికి తోడు నన్ను తీసుకెళ్ళారు. సేల్స్‌మన్ మర్యాదస్తుడు. దేనికోసమండీ, కలప మోయడానికా, పడవ లాగడానికా అని అడిగాడు.

"లీడర్స్‌ని మోయడానికి," అన్నారు వీరభద్రరావుగారు.

అతను కాసేపు ఆలోచించి, ఒక్కొక్కరు ఎంత బరువుంటారని అడిగాడు. వీరభద్రరావుగారు మా పార్టీలో బరువు తక్కువవాళ్లు లేరన్నారు. తరవాత టెస్ట్ డ్రైవ్. ఎవరైనా స్టీరింగ్ దగ్గర కూర్చుంటారు. ఆయన వెనక తొట్టిలోకి ఎక్కి నిలబడి, చేతులు జోడించి, ఎడమవైపు అమ్మకానికి పెట్టిన పాత కార్లకూ కుడివైపు ఉన్న టైర్ల షాపుకూ అభివాదం చేశారు. చివరికి మిడ్‌సైజే ఖాయమైంది. గరాజ్‌లో పడుతుంది, మంత్రిగారు, తాను, ఇంకో నలుగురు హాయిగా నిలబడొచ్చు. అది కొనమని భార్య జ్ఞానప్రసూనగారు కూడా చెప్పారు, గరాజ్ తలుపు మూసుకోవాలన్నది ఆవిడ ఏకైక షరతు.

ఆ సాయంత్రమే జనసమీకరణ మొదలైంది. మొదటి ఫోన్ యువజన విభాగం కన్వీనర్ తేజేశ్వర్‌కి. వయసు యాభై ఒకటి. స్పీకర్‌లో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"వస్తనన్నా, నేను రాకుంటెట్ల? గని ఒక్క మాట. నేను ట్రక్కు మీదనా, కిందనా?"

మీదే అన్నారు వీరభద్రరావుగారు. మహిళా విభాగం విజయశ్రీగారు అదే ప్రశ్న ఇంకాస్త నాజూగ్గా వేశారు, ఎక్కడానికి మెట్లుంటాయా అని. ఆవిడ చీరలో వస్తారు కాబట్టి మెట్లు కూడా ఏర్పాటయ్యాయి. ఉపాధ్యక్షుడు కోటయ్యగారిది వీరభద్రరావుగారి పక్క నియోజకవర్గమే. ఆయనైతే ప్రశ్న వెయ్యలేదు.

"కింద నిలబట్టానికి నేనేమన్నా నేల టికెట్టోణ్ణా బావా? మా బావమరిదిని కూడా తెస్తన్నా, ఆడికీ చోటుంచు," అన్నారు.

ఇలా ప్రతి ఫోన్‌కీ ట్రక్కు కొంచెం పొడవు పెరిగింది. మా ఊరి పార్టీ శాఖలో పదవి లేని సభ్యుడు లేడు. అలా ఉన్న ఒకరిద్దరు అలిగి ఎక్కడో వర్జీనియాలోని హెర్న్‌డన్ శాఖలో చేరి పదవులు తెచ్చుకున్నారు. నేను సభ్యుణ్ణి కాను, ఎదురింటివాణ్ణి మాత్రమే. ఆదివారం నాటికి మిడ్‌సైజ్ ఫుల్‌సైజ్ అయింది. బుధవారానికి ఫుల్‌సైజ్‌లోనే అన్నిటికన్నా పొడుగు తొట్టిది అయింది. అది గరాజ్‌లో సగం వరకే వెళ్ళింది.

జ్ఞానప్రసూనగారు గరాజ్ ముందు నిలబడి చాలాసేపు దాన్ని చూశారు.

"అందరూ పైనే ఉంటే కింద ఎవరుంటారండీ?" అన్నారు.

"కింద జనం ఉంటారు," అన్నారు వీరభద్రరావుగారు.

అంత సూటిగా జవాబు చెప్పగల నాయకుడు దొరకడం అరుదు.

చిన్న అవాంతరం పోలీసుల దగ్గర వచ్చింది. తొట్టిలో మనుషులు నిలబడి ఉండగా ట్రక్కు కదలడానికి వీల్లేదని ఆఫీసర్ తేల్చిచెప్పాడు. ఇంకొకరైతే అక్కడితో చేతులెత్తేసేవారు. వీరభద్రరావుగారు మాత్రం కదలాల్సింది జనమే తప్ప నాయకుడు కాదని గుర్తించారు. ట్రక్కు ఒక కమ్యూనిటీ హాలు పార్కింగ్ స్థలంలో నిలబడి ఉంటుంది, జనం దాని చుట్టూ తిరుగుతారు. ఆఫీసర్‌కి అభ్యంతరం కనిపించలేదు.

ఆ తరవాతి ఆదివారం మంత్రిగారు వచ్చారు. కండువా కప్పారు, మెట్లెక్కించారు. ఆయన వెంట అధ్యక్షులు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శులు, సంయుక్త కార్యదర్శులు, కన్వీనర్లు, సలహాదారులు, బావమరిది ఎక్కారు. ట్రక్కు వెనక భాగం మెల్లగా కిందికి దిగింది. పైన చోటు లేకపోయినా ఎవరూ సణగలేదు, ఒకరి భుజం వెనక ఒకరు సర్దుకున్నారు. ఇంత ఐకమత్యం ఆ శాఖ చరిత్రలో ఎన్నడూ లేదు.

కింద నేనున్నాను.

నా చేతిలో పార్టీ జెండా, మెడలో నా కెమెరా. ముందు అనుకున్న ప్రకారం ట్రక్కు చుట్టూ తిరిగాను. మంత్రిగారు చేయి ఊపారు. మళ్ళీ తిరిగాను. ఆయన మొదటిసారి చూసినట్టే మళ్ళీ ఊపారు. పెద్ద నాయకుల గొప్పతనం అక్కడే ఉంది. మూడోసారి నాకు ఆయాసం వచ్చి ఆగాను, రోడ్‌షో ఆగింది.

అప్పుడు మంత్రిగారి పి.ఎ. నా మెడలోంచి కెమెరా తీసుకున్నాడు. అనుభవజ్ఞుడు. కంగారేం లేదన్నాడు. రెండు తలలు చాలు, వెనక నుంచి దగ్గరగా పెట్టి తీస్తే మైదానం నిండినట్టే వస్తుందన్నాడు. ఒక్క తలయితే మాత్రం ఒక్క తలలాగే వస్తుందట.

"ఇంకొక్కరు దిగండి సార్," అన్నాడు పైకి చూసి.

పైనున్నవాళ్లు ఆకాశం చూశారు. తేజేశ్వర్ దిగడం తేలికేనని, మోకాళ్ల వల్ల మళ్ళీ ఎక్కడమే కష్టమని చెప్పాడు. విజయశ్రీగారు తాను దిగితే మహిళలందర్నీ దించినట్టవుతుందన్నారు. కోటయ్యగారు తన వర్గం నొచ్చుకుంటుందన్నారు, బావమరిది నొచ్చుకున్నట్టు తలూపాడు. మంత్రిగారు గడియారం చూసుకున్నారు.

వీరభద్రరావుగారు అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశారు. ఆ నిమిషంలో నాకాయన మీద నిజంగానే జాలేసింది. ఆరేళ్ల నయాగరాలన్నీ ఆ ఒక్క ఫొటోలో పడాలి, ఆ ఫొటోకి ఒక తల తక్కువైంది.

"జనంలోంచి వచ్చినవాణ్ణి. జనంలోకి వెళ్తే తప్పేముంది," అని ఆయన దిగారు.

ఆయన కాలు నేలకు ఆనకముందే మంత్రిగారి పక్కన చోటు నిండిపోయింది. కోటయ్యగారు చేతులు జోడించి నిలబడ్డారు. మేమిద్దరం పి.ఎ. చెప్పినట్టు తలలు దగ్గరగా పెట్టి, తలా రెండు చేతులూ ఎత్తాం. జనం కాస్త ఊగాలన్నాడు, ఊగాం.

"వీరభద్రం ఏడీ?" అన్నారు మంత్రిగారు ఫొటో అయ్యాక.

"కింద జనంలో ఉన్నాడండి," అన్నారు కోటయ్యగారు.

"ప్రజల మనిషి," అని మంత్రిగారు మెచ్చుకుని భోజనానికి వెళ్ళారు.

మంత్రిగారు మాట తప్పలేదు. ఫొటో పైకి వెళ్ళింది, పైవాళ్లకు నచ్చింది. మంత్రిగారి పక్కన చేతులు జోడించి నిలబడిన ఆ నాయకుడెవరని అడిగారట. ఎన్నికలప్పుడు వీరభద్రరావుగారి నియోజకవర్గం టికెట్ కోటయ్యగారికి వచ్చింది. ఆయన ప్రచారం మిడ్‌సైజ్ జీపులోనే కానిచ్చారని విన్నాను.

ట్రక్కు ఇప్పటికీ ఎదురింటి గరాజ్‌లోంచి సగం బయటికే ఉంది, తలుపు మూసుకోదు. ఫొటో వచ్చిన పేపరు ముక్కకు వీరభద్రరావుగారు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు, నన్నూ పక్కన నిలబెట్టుకుని. ఫొటో కింద పేపరువాళ్లు 'నేపర్‌విల్‌లో పోటెత్తిన జనసంద్రం' అని అచ్చేశారు.

ఆ జనసంద్రంలో కుడివైపు తల ఆయనది. ఎడమవైపు తల నాది.