పదిహేడు ఫిర్యాదులు

ఆ ఉదయం ఆ ఇంట్లో అందరికీ ఉన్న పని ఒక్కటే: పది నుంచి పదకొండు దాకా నోరు మూసుకుని ఉండటం. ఇంటావిడ తమ్ముడికి ఒక కంప్యూటర్ కంపెనీవాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. వంటింటి పక్క గదిలో తలుపు వేసుకుని అతను కూర్చుంటాడు. అది ముగిసేదాకా మిక్సీ తిప్పకూడదు, కుళాయి ధారగా వదలకూడదు. ఇంట్లోని ఫోన్లన్నిటి గొంతూ నొక్కేసి వంటింటి అలమరలో వరసగా పెట్టించింది ఆవిడ. "పాలు పొయ్యి మీదున్నాయి, చూస్తూ ఉండండి. మీరు చెయ్యాల్సింది అంతే," అని భర్తకు చెప్పి, తమ్ముడి గది తలుపుకు చెవి ఆనించి నిలబడింది. వంటింటికి ఎదురుగా ఉన్న పూజగదిలో ఆవిడ తల్లి కొడుకు కోసం దేవుణ్ణి వేడుకుంటూ కూర్చున్నారు.

పాలకు కాపలా పెట్టిన ఆ భర్తను, ఇంట్లో బావమరిది పిలిచినట్టు మనమూ బావగారే అందాం. బావగారిలో పాలకంటే ముందే అసూయ మరుగుతోంది. ఆయన పనిచేసే గోదాము మూతపడ్డాక ఆయనా, బావమరిదీ ఒకే రోజు కంప్యూటర్ క్లాసులో చేరారు. ఒకే బల్ల మీద కూర్చుని నేర్చుకున్నారు. ఆ తర్వాత బావగారు నలభై రెండు కంపెనీలకు అర్జీలు పెట్టారు. కొందరు అనుభవం లేదన్నారు. మిగిలినవాళ్ళు ఆ మాట అనడానికి కూడా బద్ధకించారు. ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎక్కడినుంచి ఊడిపడుతుందని ఆయన దేవుడి దగ్గర చాలాసార్లు మొరపెట్టుకున్నారు. ఇరవైమూడేళ్ళ బావమరిది ఒకే ఒక్క అర్జీ పెట్టాడు, దానికే పిలుపొచ్చింది. దేవుడు ఆ మొర విన్నట్టే ఉన్నాడు, కాకపోతే ఫలం పక్క గదికి చేర్చాడు.

ఆ కంపెనీ ప్రకటన కూడా వింతగానే ఉంది. అనుభవం అక్కర్లేదట. సొంతంగా తయారుచేసిన యాప్ ఒకటి ఉండాలి, దాన్ని బయటివాళ్ళు నిజంగా వాడుతూ ఉండాలి, అంతే. బావమరిది తయారుచేసిన యాప్ పేరు 'వంతు'. ఒకే స్నానాలగది ఉన్న ఇంట్లో ఎవరు ఎప్పుడు వెళ్ళాలో అది ఫోన్‌లో చెబుతుంది. మనిషికి పదకొండు నిమిషాలు. పన్నెండో నిమిషంలో పేరు ఎర్రబడుతుంది. నెలరోజులుగా ఆ ఇంట్లో ఎర్రబడుతున్న పేరు ఒక్కటే. "బావా, ఇవాళ పంతొమ్మిది," అని బావమరిది లెక్క చెప్పడం, భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం ఆనవాయితీ అయింది. ఆ నవ్వును ఆయన భరించగలిగారు. భరించలేనిది ఇంకొకటి. కూర్చున్నది ఒకే బల్ల మీద కదా, ఆ ఆలోచన వాడికి వచ్చి తనకెందుకు రాలేదు?

ఆ యాప్‌ను ఈ నలుగురూ తప్ప ఎవరూ వాడటం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అత్తగారి పూజ అంత పొడుగ్గా సాగడానికి కారణం అదే. బావగారు మాత్రం అయినా ఉద్యోగం వస్తుందేమోనని కాస్త సందేహించారు. వాడి అదృష్టం మీద నమ్మకం ఆయనకు వాడికంటే ఎక్కువ. అందుకే ఎందుకైనా మంచిదని ఒక ఫోన్ తీసి, 'వంతు'లో ఫిర్యాదుల పేజీ తెరిచారు. అక్కడ నాలుగు తిట్లు కనిపిస్తే ఏ కంపెనీ అయినా దణ్ణం పెట్టి పంపించేస్తుంది.

ఫిర్యాదు చేసేవాళ్ళు ఏ పేరైనా పెట్టుకోవచ్చు గాని, ఫోన్‌కు వచ్చే అంకెలు అందులో కొట్టి నంబరు రుజువు చెయ్యాలి, అంటే ఒక ఫోన్‌కు ఒకే పేరు. మూడు ఫోన్లు చేతికందేంత దూరంలో ఉన్నాయి. అత్తగారి ఫోన్‌నుంచి 'ఒక పెద్దావిడ' అక్షరాలు చీమల్లా ఉన్నాయని రాసింది. భార్య ఫోన్‌నుంచి 'ఒక గృహిణి' కరెంటు పోయి చీకట్లో తడుముకుంటున్నా నిమిషాలు ఆగడం లేదని రాసింది. ఆయన సొంత ఫోన్‌నుంచి 'ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు' ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరికీ వంతు వస్తోందని, తమ ఇంట్లో ఇద్దరు తువ్వాళ్ళతో తలుపు దగ్గర ఢీకొన్నారని రాశాడు. అందులో అబద్ధం ఏమీ లేదు, ఆ ఇద్దరిలో ఒకరు ఆయనే.

అప్పుడే గదిలో కంపెనీ అధికారిణి గొంతు వినిపించింది. ఇంటివాళ్ళు కాకుండా దీన్ని ఎవరు వాడుతున్నారో చూపించమంది. బావమరిది మీటలు నొక్కుతున్న చప్పుడు వచ్చింది. ఎవరూ లేరని చూపించడానికే ఫిర్యాదుల పేజీ తెరిచినట్టున్నాడు. తర్వాత వినిపించింది అధికారిణి సంతోషం. వాడనివాళ్ళు ఇంత వివరంగా తిట్టరని, తిట్టారంటే రోజూ వాడుతున్నట్టేనని ఆమె తన పక్కనున్నాయనకు చెబుతోంది.

బావగారు తిట్లలో పదును చాలలేదనుకున్నారు. పెద్దావిడ మళ్ళీ రాసింది, గృహిణి మళ్ళీ రాసింది, ఉపాధ్యాయుడైతే అరడజను రాశాడు. ఒక్కొక్కటి రాస్తుంటే నెలరోజుల పంతొమ్మిదులు గుర్తొచ్చాయి, చెయ్యి ఆగలేదు. అవతల బావమరిది ఒక్కొక్కటే అక్కడికక్కడ సరిచేస్తూ జవాబులు పెడుతున్నాడు. 'అమ్మగారూ, క్షమించండి, అక్షరాలు పెద్దవి చేశాను.' ఆ వినయం చూసి బావగారికి ఒళ్ళు మండిపోయింది. 'ఇప్పుడు మరీ పెద్దవయ్యాయి, నా పేరు సగమే కనిపిస్తోంది,' అని పెద్దావిడ చేత రాయించారు. చూస్తే అదీ నిజమే. ఆ కోపంలో పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి ఆయన గమనించలేదు.

పదిహేడో ఫిర్యాదు పడ్డాక, వీళ్ళలో ఒకరితో మాట్లాడతానంది అధికారిణి. పేజీలో పెద్దావిడ పేరు పక్కనున్న, నంబరు చూపకుండా ఫోన్ కలిపే మీటను బావమరిది చేత నొక్కించింది. అలమరలో అత్తగారి ఫోన్ గడగడ వణుకుతూ స్టీలు పళ్ళెం మీదికి నడిచింది. బావగారు చెయ్యి చాచేలోపే, పూజ ముగించి మంచినీళ్ళకు వచ్చిన అత్తగారు దాన్ని అందుకున్నారు. ఆవిడ ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు.

అక్షరాలు ఇప్పుడు బాగున్నాయా అని అడిగింది ఫోన్‌లో అధికారిణి గొంతు. అత్తగారికి అబద్ధం చేతకాదు, దేవుడి ముందునుంచి లేచి వచ్చిన నోటితో అసలే చేతకాదు.

"నేనేం రాయలేదమ్మా. కళ్ళజోడు లేకపోతే నాకు ఫోన్‌లో ఒక్క అక్షరం కనబడదు. ఇందాకటినుంచీ మూడు ఫోన్లూ మా అల్లుడుగారి చేతిలోనే ఉన్నాయి. ఏదో మంచి పని మీదున్నారని నేను పలకరించలేదు."

తలుపు దగ్గరినుంచి భార్య వంటింట్లోకి వచ్చింది. తన ఫోన్ తీసి చదివింది.

"'మా ఆయన లోపలికి వెళితే పిలిచినా పలకడు, ఈ యాప్‌లో కేక పెట్టే మీట లేదు.' ఈ గృహిణి ఎవరండీ?"

బావగారు పాలవైపు చూశారు. అక్కడ పాలు లేవు.

"మా తమ్ముడు మీకేం ద్రోహం చేశాడు?" అంది ఆవిడ. కేక వేసి ఉంటే బాగుండేది, మెల్లిగా అంది.

అధికారిణి ఆయన్ను గదిలోకి పిలిపించింది. మసిగుడ్డ చేత్తో పట్టుకునే ఆయన కంప్యూటర్ ముందు నిలబడ్డారు. పక్కన బావమరిది మొహం పాలిపోయి ఉంది. పదిహేడూ మీరే రాశారా అంటే అవునన్నారు. ఎందుకు రాశారంటే మసిగుడ్డను నాలుగు మడతలు పెట్టారు.

"వాడికి ఉద్యోగం వస్తుందేమోనని భయమేసిందండి," అన్నారు చివరికి. "మేమిద్దరం ఒకే బల్ల మీద చదువుకున్నాం."

ఇతరుల మంచి చూసి మనిషికి ఎందుకు నొప్పి పుడుతుందో పెద్దలు ఎంత చెప్పినా ఎవరికీ పూర్తిగా అర్థమైనట్టు లేదు. కాని ఆ నొప్పిని పైకి చెప్పుకుంటే కొంచెం తగ్గుతుంది. బావగారికి తగ్గింది. అప్పుడే బావమరిది నోరు విప్పాడు.

"అడిగితే నేనే చెప్పేవాణ్ణిగా బావా. తప్పులు ఇంకో నాలుగున్నాయి."

"ఆరు," అన్నారు బావగారు.

"నాలుగే."

"ఆరు. రెండు నీకు తెలియవు."

అధికారిణి కుర్చీలో ముందుకు వంగి, ఆ రెండూ ఏమిటో చెప్పమంది. బావగారు చెప్పారు. బావమరిది యాప్ తెరిచి చూసుకుని తల గోక్కున్నాడు. తర్వాత అధికారిణీ, ఆమె పక్కనున్నాయనా తమవైపు శబ్దం ఆపేసి చాలాసేపు మాట్లాడుకున్నారు.

మాట్లాడుకున్నది మధ్యాహ్నానికి తెలిసింది. బావను బయటివాడిగా లెక్కవేయడం కుదరదు కాబట్టి, పూర్తి ఉద్యోగం కాకుండా కుర్రాణ్ణి మూడు నెలలు పరీక్షగా తీసుకుంటారు. అన్ని తిట్లు తిని కూడా గంటలో తొమ్మిది తప్పులు దిద్దాడు కదా. ఇక తయారైన యాప్‌లలో తప్పులు వెతికే ఉద్యోగంలో వాళ్ళ దగ్గర ఏడాదిగా ఎవరూ కుదురుకోవడం లేదు. చేరినవాళ్ళంతా నాలుగు రోజులకే, యాప్‌లు తయారుచేసినవాళ్ళతో స్నేహాలు కలుపుకుని, మొహమాటపడి ఊరుకుంటున్నారట. దానికి బావగారిని రమ్మన్నారు. బావమరిది చేసేదంతా ముందు ఆయన చేతిమీదుగా వెళ్ళాలి.

అత్తగారు మళ్ళీ పూజగదిలోకి వెళ్ళారు, ఈసారి ఇద్దరి కోసం. బావమరిది బావను కౌగిలించుకున్నాడు. బావగారి కళ్ళు చెమర్చాయి, అయినా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఉద్యోగపు ఉత్తరం తనకంటే వాడికి ముందు వచ్చిందా అని.

సాయంత్రం ఆయన కంపెనీ పంపిన ఫారం నింపడానికి కూర్చున్నారు. పేరు, వయసు, చదువు రాశారు. 'తప్పులు పట్టే పనిలో అనుభవం, ఎన్నేళ్ళు' అన్న గడి దగ్గర నిట్టూర్చి సున్నా వేయబోయారు. వెనకనుంచి భార్య తొంగి చూసింది.

"తొమ్మిది వెయ్యండి," అంది. "మన పెళ్ళయి అంతేగా."